పాత ఇంటి నేలమాళిగను గదిగా మార్చడం: గోడల బలం గురించిన ప్రశ్నలు

నేలమట్టానికి దిగువన, ఇంటి గోడల మధ్యనే తవ్వి కట్టిన గదిని నేలమాళిగ అంటారు. మన నగరాల్లో సెల్లార్ అంటే అపార్ట్‌మెంటు కింద కార్లు నిలుపుకునే కాంక్రీటు అంతస్తు. ఇక్కడ చర్చకు వచ్చేది అది కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో లండన్ వీధుల్లో ఒకదానికొకటి ఆనించి వరుసగా కట్టిన ఇటుక ఇళ్ల కింద ఉండే తక్కువ ఎత్తు గదుల సంగతి. పెద్ద ఇళ్లలో కింది అంతస్తులో వంటగది, పనివాళ్ల గదులు ఉండేవి. మామూలు ఇళ్లలో అది బొగ్గు కొట్టు మాత్రమే. వీధి కాలిబాటలో ఉండే గుండ్రటి ఇనుప మూత తీసి బొగ్గు బస్తాలు లోపలికి గుమ్మరించేవారు. 1952 నాటి పొగమంచు వేలమందిని బలిగొన్నాక 1956లో స్వచ్ఛ వాయు చట్టం వచ్చింది. 1967 నుంచి పదేళ్లలో ఉత్తర సముద్రపు సహజ వాయువు ఇంటింటికీ చేరింది. బొగ్గు పోయింది, కొట్టు ఖాళీ అయింది. ఇళ్ల ధరలు పెరిగేకొద్దీ ఆ ఖాళీని పడకగదిగానో, కూర్చునే గదిగానో మార్చుకోవాలన్న ఆలోచన బలపడింది. 2008 నుంచి 2017 వరకు లండన్‌లోని ఏడు బరోల్లోనే (స్థానిక పాలనా విభాగాల్లోనే) కొత్త నేలమాళిగలకు, ఉన్నవాటి విస్తరణకు కలిపి 4,650 అనుమతులు ఇచ్చినట్టు న్యూకాజిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కతేల్చారు. ఇలాంటి పనికి దిగే యజమాని మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఈ గోడ గట్టిదేనా? ఆ ప్రశ్నతో ఎక్కువ దూరం పోలేం. పాత నేలమాళిగ గోడ బలం చాలావరకు గోడ బయట ఉంటుంది. పైనున్న బరువు, పక్కనున్న దూలాలు, అడ్డుగోడలు, కిందున్న కదలని మట్టి, గోడలోంచి వచ్చిపోయే తేమ, ఇవన్నీ కలిసి దాన్ని నిలబెడుతున్నాయి. కొట్టును గదిగా మార్చడమంటే వీటిలో ప్రతిదాన్నీ ఎంతో కొంత కదిలించడమే. కాబట్టి గోడను ఏది పట్టి ఉంచుతోంది, మనం చేయబోయే పని వాటిలో దేన్ని తీసేస్తుంది అని అడగాలి.

ముందు గోడ తీరు తెలియాలి. లండన్ కొలతల్లో ఇటుక పొడవు సుమారు తొమ్మిదంగుళాలు. గోడల మందం దాన్నిబట్టే సాగేది: నాలుగున్నర, తొమ్మిది, పదమూడున్నర అంగుళాలు. మన తాపీమేస్త్రీలు కూడా ఇదే లెక్కలో మాట్లాడతారు కనుక వివరించనక్కర్లేదు. మూడంతస్తుల ఇంటికి పై గోడలు తొమ్మిదంగుళాలైతే, నేలమాళిగ దగ్గర సాధారణంగా పదమూడున్నర ఉంటుంది. జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందింది 1824లోనే అయినా, మామూలు ఇళ్ల గోడలను ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల దాకా సున్నంతోనే కట్టారు. సున్నపు గార మెత్తన. చిన్న కదలికలను బీటలు పడకుండా సర్దుకుంటుంది, కానీ లాగుడుకు దాదాపు ఏమాత్రం ఆగదు. ఈ గోడల అడుగున కాంక్రీటు పునాది ఉంటుందని ఆశించకూడదు. ఇటుకలనే మెట్లుమెట్లుగా వెడల్పు చేసుకుంటూ పోయి, అడుగు వరస గోడ మందానికి దాదాపు రెట్టింపు అయ్యాక నేరుగా మట్టిమీదో, పలచటి సున్నపు కాంక్రీటు పొరమీదో కూర్చోబెట్టారు. ఇంకో చిక్కు ఉంది. వీధివైపు కనబడే ముఖానికి మంచి ఇటుక, కనబడని ఉమ్మడి గోడలకు సరిగా కాలని చవక ఇటుక వాడటం పంతొమ్మిదో శతాబ్దానికి ముందునుంచీ ఉన్న అలవాటు. ముందు వరసకూ వెనక వరసకూ అడ్డంగా పట్టు ఇవ్వాల్సిన ఇటుకలను సగానికి విరిచి, కట్టు ఉన్నట్టు భ్రమ కల్పించిన గోడలు కూడా ఉన్నాయి. చూడటానికి పదమూడున్నర అంగుళాల గోడ, లోపల విడివిడిగా నిలిచిన రెండు పలచటి గోడలు. బిల్డర్లు అమ్మకానికి వరసలకు వరసలు ఇళ్లు కట్టిపారేసిన కాలం అది, కొన్నవాడికి కనిపించేది ముఖభాగమే.

ఇలాంటి గోడ నేలమాళిగలో రెండు పనులు చేస్తుంది. పై అంతస్తుల బరువును కిందికి దించుతుంది, బయటి మట్టిని లోపలికి రాకుండా ఆపుతుంది. మొదటి పనికి ఇటుక భేషైన వస్తువు. రెండోదానికి అంత అనువైనది కాదు. మట్టి గోడను ఎంత బలంగా తోస్తుందో లెక్కగట్టే పద్ధతిని మొదట సమర్థంగా చెప్పినవాడు ఫ్రెంచి సైనిక ఇంజనీరు కూలుంబ్. కరేబియన్ దీవి మార్టినీక్‌లో కోట కట్టించిన అనుభవంతో రాసిన ఆయన పత్రం 1776లో అచ్చయింది. 1857లో గ్లాస్గో ఆచార్యుడు రాంకిన్ దాన్ని మరింత సూటిగా చేశాడు. ఇద్దరి లెక్కలోనూ ఉన్న ముఖ్యమైన సంగతి ఒకటే: లోతు పెరిగేకొద్దీ మట్టి ఒత్తిడి పెరుగుతుంది. అందువల్ల మొత్తం తోపు ఎత్తు వర్గాన్నిబట్టి, గోడను పడగొట్టడానికి చూసే మెలి ఎత్తు ఘనాన్నిబట్టి పెరుగుతాయి. సూత్రంగా వింటే ఇది పెద్దగా తోచదు. అంకెలు వేసి చూస్తే వేరు. ఘనమీటరుకు 1.8 టన్నుల బరువుండే సాధారణ ఇసుకనేల, అందులో మూడో వంతు ఒత్తిడి పక్కకు వస్తుందనుకుందాం. గోడ 1.8 మీటర్ల ఎత్తు మట్టిని ఆపుతుంటే, మీటరు పొడవుకు తోపు సుమారు 1 టన్ను. గదికి ఎత్తు కావాలని నేలను 60 సెంటీమీటర్లు దించితే ఆపవలసిన మట్టి 2.4 మీటర్లవుతుంది. ఎత్తు మూడో వంతు పెరిగింది. తోపు 1.73 టన్నులకు ఎక్కింది. పడగొట్టే మెలి 0.58 టన్ను-మీటర్ల నుంచి 1.38కి, అంటే 2.4 రెట్లకు దగ్గరగా చేరింది.

దీనికి ఎదురు నిలిచేది పైనుంచి దిగే బరువు. పేర్చిన పుస్తకాల దొంతరను పక్కనుంచి నెట్టితే చెదిరిపోతుంది, పైన చెయ్యి పెట్టి నొక్కి ఉంచితే కదలదు. మూడంతస్తుల ఇటుక గోడ, దానిమీద ఆనిన నేలలు కలిపి మీటరుకు 5 టన్నులు దించుతున్నాయనుకుంటే, 1.8 మీటర్ల మట్టి దగ్గర ఆ బరువు ఫలితరేఖ (బరువు, తోపు కలిసి కిందికి దిగే గీత) గోడ మధ్య నుంచి 12 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. గోడ మందం 34 సెంటీమీటర్లు కనుక మధ్య నుంచి అంచుకు 17. రేఖ ఇంకా గోడలోనే ఉంది. కాకపోతే మధ్య మూడో వంతు దాటింది కాబట్టి మట్టివైపు ముఖంలో కీళ్లు తెరుచుకోవచ్చు. 2.4 మీటర్ల దగ్గర అదే రేఖ 28 సెంటీమీటర్లు జరుగుతుంది, అంటే గోడ బయట పడుతుంది. వేరే ఆసరా లేకపోతే ఆ గోడ నిలవదు. ఈ లెక్క ఉద్దేశపూర్వకంగా సరళమైనది. గోడను ఒంటరిగా నిలబెట్టి, సున్నానికి లాగుడు బలం సున్నా అనుకుని వేసింది. బంకమన్నుకు అంకెలు వేరుగా వస్తాయి, కదలడానికి చోటులేని గోడమీద ఒత్తిడి ఇంకా ఎక్కువే ఉంటుంది. అయినా దిశ మారదు. ఒకే ఇంట్లో ఏ గోడకు ప్రమాదం ఎక్కువో కూడా ఇది చూపిస్తుంది: మూడంతస్తులు మోస్తున్న ప్రధాన గోడకంటే, పైన తేలికపాటి ఒంటి అంతస్తు వంటగది మాత్రమే ఉన్న వెనకవైపు గోడకు బరువు తక్కువ, కనుక మట్టి తోపుకు అదే ముందు లొంగుతుంది. బరువు మోసే గోడ గురించి కంగారుపడి, మోయని గోడను వదిలేయడం ఈ పనుల్లో తరచు జరిగే పొరపాటు.

ఇక్కడ సహజంగా ఒక అభ్యంతరం వస్తుంది. లెక్క ఇంత భయపెడుతుంటే, 2.4 మీటర్ల మట్టిని ఆపుతూ నూట యాభై ఏళ్లుగా నిలిచిన తొమ్మిదంగుళాల గోడలు కూడా ఉన్నాయి కదా? ఉన్నాయి. ఎందుకున్నాయో చూస్తేనే అసలు విషయం తెలుస్తుంది. గోడ పై అంచున నేల దూలాలు అడ్డంగా ఆనితే అవి దాన్ని లోపలికి వంగకుండా ఆపుతాయి. మట్టి తోపులో దాదాపు మూడో వంతు అలా పైకి పోతుంది. ప్రతి రెండు మూడు మీటర్లకూ ఒక అడ్డుగోడో, చిమ్నీ దిమ్మో ఉంటే గోడ నిలువుగా కాక అడ్డంగా వాటి మధ్య వంగి బలం తెచ్చుకుంటుంది. అడుగున రాతిపలకల నేల కూడా రెండు గోడల కాళ్ల మధ్య అడ్డుపడుతుంది. అంటే ఆ గోడలు లెక్కను ఓడించలేదు, లెక్కలో మనం రాయని ఆసరాలను వాడుకున్నాయి. గదిగా మార్చేటప్పుడు ఇవే ముందు పోతాయి. వెడల్పైన మెట్ల కోసం పైనేలలో ఖాళీ కోస్తారు, అక్కడ దూలాల ఆసరా తెగిపోతుంది. రెండు చిన్న కొట్లను కలిపి ఒక హాలు చేయడానికి అడ్డుగోడ కొట్టేస్తారు. పాత పలకలు లేపి నేల తవ్వుతారు. విడివిడిగా ప్రతి పనీ చిన్నదే. మూడూ కలిసి ఒకే నెలలో జరిగితే గోడ మొదటిసారిగా నిజంగా ఒంటరిదవుతుంది. దూలాల దిశ కూడా ముఖ్యమే. దూలం చివర గోడలోకి దిగిన చోట ఆసరా ఉంటుంది, గోడకు సమాంతరంగా పరిచిన చోట ఉండదు. అలాంటి చోట గోడకూ దూలాలకూ మధ్య ఇనుప పట్టీలు బిగించాలి. నూట యాభై ఏళ్ల మన్నిక నిన్నటిదాకా ఉన్న పరిస్థితికి సాక్ష్యం. పరిస్థితినే మార్చాక ఆ సాక్ష్యం చెల్లదు.

నేల తవ్వకం విషయంలో ఇది మరీ స్పష్టం. గోడ జోలికి పోవడం లేదు, మధ్యలో నేల మాత్రమే కొంచెం దించుతున్నాం అనే మాట వినడానికి నిరపాయంగా ఉంటుంది. కానీ చాలా పాత కొట్లలో నేల పలకల కింద కొద్ది అంగుళాల్లోనే పునాది అడుగు వచ్చేస్తుంది. పునాది కింది మట్టి బరువు మోయగలగడానికి ఒక కారణం, పక్కనున్న మట్టి దాన్ని పక్కకు ఉబికిపోకుండా అదిమిపెట్టడం. ఆ పక్కమట్టి తీస్తే మోసే శక్తి తగ్గుతుంది, పునాది అడుగుకు దిగువకు తవ్వితే మట్టి గదిలోకే జారవచ్చు. పైగా 2.4 మీటర్ల గది కావాలంటే తవ్వేది అంతవరకే కాదు. శ్లాబు, వేడి పోకుండా పరిచే పొర, నీరు తరలిపోయే పొర, పైనేల కలిసి మరో 30, 40 సెంటీమీటర్లు తీసుకుంటాయి. పని నడిచే కాలంలో గోడ ఎదుట ఉండే గుంట, పూర్తయిన గదికంటే లోతు. గోడ జీవితంలో అత్యంత ప్రమాదకరమైన రోజులు అవే.

దీనికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, గోడల వెంబడి మట్టిని కదల్చకుండా అరుగులా వదిలి, దాని ముఖానికి కాంక్రీటు పోసి, మధ్యలో మాత్రమే దించడం. పునాది అంచు నుంచి 45 డిగ్రీల వాలుగీత గీస్తే దానికి దిగువకు తవ్వకూడదన్నది స్థూల నియమం. ఎంత దించితే అరుగు అంత వెడల్పవుతుంది. నాలుగు మీటర్ల వెడల్పు గదిలో రెండు వైపులా 60 సెంటీమీటర్లు అరుగుకు పోతే నడవడానికి మిగిలేది 2.8 మీటర్లు. రెండోది అండర్‌పిన్నింగ్, అంటే పాత పునాది కింద ముక్కముక్కగా తవ్వి కొత్త పునాది దించడం. గోడ పొడవును మీటరు, మీటరుంపావు ముక్కలుగా విభజిస్తారు. పక్కపక్క ముక్కలను వెంటవెంటనే తవ్వరు. ఒకటి, మూడు, ఐదు అయ్యాకే రెండు, నాలుగు మొదలవుతాయి. గోడలో ఎప్పుడు చూసినా నాలుగో వంతుకు మించి గాలిలో ఉండకుండా చూసుకుంటారు. సున్నపు గోడ మీటరు వెడల్పు ఖాళీమీద కమానులా తనను తాను మోసుకోగలదన్న నమ్మకంమీద ఈ పద్ధతంతా ఆధారపడి ఉంది. గార పిండిలా రాలుతున్న గోడ, లోపల కట్టులేని గోడ అలా మోయలేదు కాబట్టి అక్కడ ముక్కలు ఇంకా చిన్నవి చేయాలి, లేదా ముందు గోడను బాగుచేయాలి. కాంక్రీటును పాత పునాదికి తాకేలా పోయరు. పైన 5 నుంచి 7.5 సెంటీమీటర్ల సందు వదిలి, కాంక్రీటు గట్టిపడి కుదించుకున్నాక ఆ సందులో తడి తక్కువున్న సిమెంటు ఇసుకను గట్టిగా దట్టిస్తారు. ఇల్లు కొత్త పునాదిమీదకు నిజంగా దిగేది ఆ దట్టింపులోంచే. అయినా పర్యవేక్షణ లేని చోట ఈ మెట్టునే ఎగ్గొడతారు. గోడ ఇకపై మట్టిని కూడా ఆపాలి కాబట్టి, నేడు చాలాచోట్ల ఉత్త కాంక్రీటు బదులు లోపలికి కాలు చాచిన ఇనుప కడ్డీల కాంక్రీటు పోస్తారు. కొత్త శ్లాబు పడేదాకా ఎదురెదురు గోడల మధ్య అడ్డ ఆసరాలు ఉండి తీరాలి.

కొత్త కాంక్రీటు పునాది పడ్డాక ఇల్లు మునుపటికంటే గట్టిది కదా అని వాదించేవారున్నారు. ఆ ముక్క వరకు నిజమే. వరసలోని ఇల్లు విడి వస్తువు కాకపోవడమే ఇబ్బంది. లండన్‌లో ఎక్కువ భాగం బంకమన్నుమీద ఉంది. అది వేసవిలో ఎండి కుంచించుకుంటుంది, శీతాకాలంలో నీరు పీల్చి ఉబ్బుతుంది. నల్లరేగడి నేలలో ఇళ్లు కట్టుకునే తెలుగువారికి ఇది కొత్త సంగతేమీ కాదు. ఋతువులతోపాటు వరస మొత్తం కాస్త లేచి కాస్త దిగుతూ ఉంటుంది, సున్నపు గార దాన్ని సర్దుకుంటూ పోతుంది. మధ్యలో ఒక ఇల్లు మూడు మీటర్ల లోతులోని కదలని మట్టిమీదకు దిగితే, అటూ ఇటూ ఉన్నవి కదులుతూనే ఉంటాయి, ఆ ఇల్లు కదలదు. బీట పడేది రెండూ కలిసే చోట, అంటే పక్కింటివారి వైపు. 1975, 76 సంవత్సరాల కరువుకు ఈ బంకనేలలు తీవ్రంగా ఎండి ఇళ్లు కుంగడంతో బీమా సంస్థలకు దావాలు వెల్లువెత్తాయి. అలాంటి వేసవే మళ్లీ వస్తే, ఒక్కో ఇల్లు ఒక్కో లోతులో ఆనిన వరస ఒకేలా కదలదు. అండర్‌పిన్నింగ్ తప్పని దీని అర్థం కాదు. లోతు మార్పు ఒక్కసారిగా కాక మెట్లుగా వచ్చేలా చివరి ముక్కలను అమర్చవచ్చు, ఇంజనీర్లు అలా చేస్తున్నారు కూడా. అయితే అండర్‌పిన్నింగ్‌ను మరమ్మతుగా కాక, వరస ప్రవర్తనలో తెచ్చిన మార్పుగా లెక్కవేయాలి.

నీటి విషయం చాలామంది గోడ బలంతో సంబంధం లేనిదనుకుంటారు. చెమ్మ వాటర్‌ప్రూఫింగ్ వాళ్ల పని, గోడ ఇంజనీరు పని అన్నట్టు ఉంటుంది వ్యవహారం. మొదటి లెక్కకే నీరు కలిపి చూస్తే ఆ విభజన ఎంత కృత్రిమమో తెలుస్తుంది. 2.4 మీటర్ల మట్టి పూర్తిగా నీటితో నిండితే, నీటి తోపు ఒక్కటే మీటరుకు 2.9 టన్నులు. మునిగిన మట్టి తేలికై దాని తోపు 1 టన్నుకు తగ్గినా, మొత్తం 3.8 టన్నులకు పోతుంది. ఎండిన మట్టి తోపుకు ఇది రెండు రెట్లకు పైనే. పాత గోడ చెమ్మగా ఉండటం ఒక విధంగా దానికి రక్షణ. కీళ్లలోంచి కాస్తకాస్తగా ఊరే నీరు బయట ఒత్తిడిగా పేరుకోదు. లోపలివైపు సిమెంటు పూత దట్టంగా వేసి ఆ దారి మూసేస్తే, నీరు గోడ వెనకే నిలిచి ఎత్తు పెరుగుతుంది, పూతను ఇటుకలనుంచి ఊడదీయాలని చూస్తుంది. కొంత చెమ్మ గోడలోంచే పైకి పాకి, నేల దూలాల చివరలు గోడలో దిగిన చోటికి చేరుతుంది. అక్కడ కలప కుళ్లుతుంది. కుళ్లిన దూలం చివర గోడను పట్టలేదు. చెమ్మకు వేసిన పూత, పదేళ్ల తర్వాత గోడ పై ఆసరాను తినేస్తుందన్నమాట. బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 8102 నీటినుంచి రక్షణను మూడు రకాలుగా చెబుతుంది: గోడమీద అడ్డుపొర, నీరు చొరని కాంక్రీటు నిర్మాణం, లోపలికి వచ్చిన నీటిని పట్టి బయటికి పంపే పద్ధతి. పాత ఇటుక గోడలకు మూడోదే సాధారణంగా ఎక్కువ సరిపోతుంది. గోడకు లోపలివైపు బొడిపెలున్న ప్లాస్టిక్ పొర బిగించి, దాని వెనక జారిన నీటిని నేల అంచు కాలువలోకి, అక్కడినుంచి సంపులోకి పంపి మోటారుతో తోడతారు. గోడ ఊపిరి ఆగదు, వెనక నీరు నిలవదు. కరెంటు పోతే మోటారు ఆగుతుందన్నది న్యాయమైన అభ్యంతరమే. బ్యాటరీమీద నడిచే రెండో మోటారు పెట్టడం అందుకే. ఆగిన మోటారు గదిని తడుపుతుంది, అంతే. నిలిచిన నీరు గోడను నెడుతుంది.

తోడడం కూడా అన్ని నేలల్లో నిరపాయం కాదు. దక్షిణ ఇంగ్లండ్‌లోని వించెస్టర్ కెథడ్రల్ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. పీట్ మట్టిమీద కట్టిన ఆ కట్టడం కుంగుతుంటే, 1900ల తొలి సంవత్సరాల్లో పునాదుల కింద గుంటలు తవ్వారు. గుంటల్లోకి నీరు ఉబికింది. నీరు తోడితే దాంతోపాటు మట్టి కొట్టుకుపోయి గోడలు ఇంకా కుంగుతాయని తేలడంతో, ఇంజనీరు ఫ్రాన్సిస్ ఫాక్స్ గుంటల్లో నీటిని అలాగే ఉంచి గజ ఈతగాడిని దింపించాడు. విలియం వాకర్ అనే ఆ ఈతగాడు 1906 నుంచి 1911 వరకు కళ్లు కనిపించని బురదనీటిలో చేతితో తడుముకుంటూ గోడల కింద కాంక్రీటు సంచులు పేర్చాడు. వాటి సంఖ్య 25 వేలు దాటింది. కాంక్రీటు అడుగును కప్పేశాకే నీరు తోడి పైభాగం కట్టారు. చిన్న ఇంటి కొట్టుకు ఇంత అవసరం రాదు. కానీ సన్న ఇసుక, ఒండ్రు నేలలో తవ్వకం జరుగుతున్నప్పుడు పంపులోంచి వచ్చే నీరు బురదగా ఉంటే, ఎవరి పునాది కిందిదో మట్టి ఆ పైపులోంచి పోతోందని అర్థం.

చిమ్నీల సంగతి క్లుప్తంగా. వాడుకలో లేని పొయ్యి దిమ్మెను కొట్టేస్తే గదిలో చోటు పెరుగుతుంది కనుక అది అందరి కంటా పడుతుంది. ఆ దిమ్మె పై అంతస్తుల్లోనూ కొనసాగుతుంటే, అంతస్తుకు టన్నుకు తక్కువ కాని ఇటుక కింద ఆధారం లేకుండా వేలాడుతుంది. దూలం వేసి మోయించినా, మట్టి తోపుకు ఆ దిమ్మె ఇస్తున్న అడ్డ ఆసరా పోయిన సంగతి వేరే చూసుకోవాలి. కాలిబాట కింది బొగ్గు గుహలదీ ఇలాంటి కథే. వాటి ఇటుక కమాను ఇంటి ముందుగోడకూ వీధివైపు గోడకూ మధ్య ఆసరా కావచ్చు. వెలుతురు కోసం ముందుగోడలో పెద్ద కిటికీ తెరిస్తే, మట్టిని ఆపాల్సిన గోడ రెండు స్తంభాలుగా మిగులుతుంది.

వరస ఇంటి ఉమ్మడి గోడ సగం పక్కింటివారిది. రెండువైపులా నేలమాళిగలు ఒకే లోతులో ఉన్నంతకాలం ఆ గోడ దేన్నీ ఆపదు, బరువు మాత్రమే మోస్తుంది. ఒకరు నేల దించగానే అది పక్కింటి నేలమట్టిని ఆపే గోడగా మారుతుంది. ఇంగ్లండ్, వేల్స్‌లకు 1996లో చేసిన పార్టీ వాల్ (ఉమ్మడి గోడ) చట్టం ఈ భౌతిక సత్యాన్ని గుర్తించింది. పక్క కట్టడానికి 3 మీటర్లలోపు దాని పునాదికంటే లోతుగా తవ్వినా, 6 మీటర్లలోపు 45 డిగ్రీల గీతకు దిగువకు వెళ్లినా ముందుగా నోటీసు ఇవ్వాలి. తవ్వకానికి నెల, ఉమ్మడి గోడమీద పనికి రెండు నెలల గడువు. పక్కవారు 14 రోజుల్లో ఒప్పుకోకపోతే వివాదం ఉన్నట్టే లెక్క. అప్పుడు సర్వేయర్లు పరిస్థితి నమోదు చేసి, పని పద్ధతి నిర్ణయిస్తారు. చట్టంలో ఒక నిబంధన ఇంజనీరు చేతిని నేరుగా కట్టేస్తుంది: ఇనుప కడ్డీల పునాదిని పక్కవారి స్థలంలోకి పోయాలంటే వారి లిఖిత అనుమతి తప్పనిసరి. ఉమ్మడి గోడ కింద బలమైన కాంక్రీటు కాలు సగం అవతలికి పోతుంది కనుక, పక్కవారు వద్దంటే ఉత్త కాంక్రీటుతో, ఎక్కువ మందంతో సరిపెట్టుకోవాలి. ఈ చట్టం తగాదాలకే పనికొస్తుందని విసుక్కునేవారు చాలామంది. గోడ లెక్క చూసినవారికి అలా అనిపించదు. లోతునే నేరుగా కట్టడి చేసిన చోటు కూడా ఉంది: లండన్‌లోని కెన్సింగ్టన్, చెల్సీ బరో 2015లో కొత్త నేలమాళిగలను సాధారణంగా ఒకే అంతస్తుకు పరిమితం చేసింది.

ఈ వాదన వేరే నేలల్లోనూ వేరే రూపంలో నిలుస్తుంది. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో, అంటే తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడిన న్యూజెర్సీ వంటి చోట్ల, పాత ఇళ్ల బేస్‌మెంట్ గోడలు పొలంలో ఏరిన రాళ్లతోనో, ఇరవయ్యో శతాబ్దంలో బోలు కాంక్రీటు దిమ్మెలతోనో కట్టినవి. దిమ్మెల గోడ మధ్య ఎత్తులో పొడవాటి అడ్డబీట, లోపలికి పొట్ట కనిపిస్తే అది మట్టి తోపు సంతకమే. అక్కడ కనిపించని ఆసరా ఇంకొకటి ఉంది: వేడి. పాత కొలిమి వేడి గోడలోంచి బయటికి పోతూ పక్కమట్టిని గడ్డకట్టకుండా ఉంచేది. ఫినిష్డ్ బేస్‌మెంట్ కోసం లోపల మందంగా ఇన్సులేషన్ బిగిస్తే గోడ చల్లబడుతుంది, తడి మట్టి గడ్డకట్టి ఉబ్బి గోడను నెట్టవచ్చు. హైదరాబాదులో పాత ఇంటి కింద కొట్టు అరుదు. కానీ పాత ఇంటి పక్క స్థలంలో అపార్ట్‌మెంటు సెల్లార్ తవ్వినప్పుడు ఆ పాత గోడకు జరిగేది ఇదే, పునాది పక్కమట్టి పోవడం. వానాకాలంలో సెల్లార్ తవ్వకాలను జీహెచ్ఎంసీ కట్టడి చేయడానికి కారణం కూడా ఇక్కడ చెప్పిన నీటి లెక్కలోనే ఉంది.

కనుక పరిశీలన గోడ ముఖంతో మొదలై అక్కడే ఆగకూడదు. బీటల వెడల్పుకు బ్రిటన్‌లో వాడే వర్గీకరణ 1 మిల్లీమీటరు వరకు చాలా స్వల్పం, 5 వరకు స్వల్పం, 15 దాటితే తీవ్రం అంటుంది. అది నష్టం ఎంతో చెబుతుంది, కారణం చెప్పదు. కిటికీ మూలనుంచి మెట్లుగా పాకే బీట పునాది కుంగుడును, అడ్డంగా సాగే బీట పక్క తోపును సూచిస్తాయి. తూకపుగుండు వేస్తే పొట్ట ఎంతో తెలుస్తుంది. బీట కదులుతోందో ఆగిపోయిందో తెలియాలంటే దానికి అటూఇటూ గుర్తులు పెట్టి కనీసం ఒక వేసవి, ఒక శీతాకాలం కొలవాలి. పునాది లోతు, వెడల్పు, కింది మట్టి ఏమిటో చూడటానికి గోడ పక్కన చిన్న గుంటలు తవ్వాలి, ఒక్కచోట కాదు, ప్రతి గోడకూ. దూలాల చివరలు పొడిచి చూడాలి. ఇదంతా ఖర్చు పెంచే అతిజాగ్రత్త అని కాంట్రాక్టర్లు అనడం కద్దు. అండర్‌పిన్నింగ్ ఖర్చుతో పోలిస్తే నాలుగు గుంటల ఖర్చు చిన్నది, పైగా కొన్నిసార్లు అది అండర్‌పిన్నింగ్‌నే తప్పిస్తుంది. పునాది అనుకున్నదానికంటే అర మీటరు లోతుగా ఉందని బయటపడితే లెక్క మొత్తం మారిపోతుంది.

లోతు ఎంత కావాలన్న ప్రశ్న కూడా తిరిగి అడగదగ్గది. ఇంగ్లండ్ భవన నియమాలు నివాసగదికి కనీస ఎత్తు ఏదీ విధించవు. మెట్లపైన 2 మీటర్ల ఖాళీ మాత్రం అడుగుతాయి. 2.4 మీటర్లన్నది ఎక్కువగా ఇల్లు అమ్మేవారి కోరిక. పైన వేసిన లెక్కలోనే గోడ ఆపే మట్టిని 2.1 మీటర్ల దగ్గర ఆపితే ఫలితరేఖ మధ్యనుంచి 18, 19 సెంటీమీటర్ల దగ్గర, గోడ అంచుకు కాస్త మాత్రమే అవతల ఉంటుంది. దూలాలకు ఇనుప పట్టీలు బిగించి, అడ్డుగోడను ఉంచేసి దాన్ని లోపలికి తేవడం సాధ్యమే. అక్కడినుంచి చివరి 30 సెంటీమీటర్లకు పడగొట్టే మెలి మరో సగం పెరుగుతుంది. పొడవాటి మనిషి కూడా తల వంచకుండా నడిచే గదికి, అంతకంటే ఒక అడుగు ఎత్తున్న గదికి మధ్య తేడా గోడ దృష్టిలో ఇంత.